తేలని చేపల లెక్క: గని బురద, సాల్మన్ నది

అందరికీ నమస్కారం.

గాలం వేసే సరదా ఉన్న తెలుగువాళ్ల కోసం పెట్టుకున్న సభ కాబట్టి పులసతో మొదలుపెడదాం. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట మనకు కొత్త కాదు. ఆ చేప సముద్రం వదిలి, వరద గోదావరిలో ఎర్రనీరు వచ్చాక ధవళేశ్వరం వైపు ఎదురీదుతుంది. అంటే బురద నీటిలోనే వస్తుంది. అందుకే కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో గని కట్ట తెగి నదిలోకి బురద వచ్చిందంటే మనవాళ్లకు ముందు తట్టే ప్రశ్న ఒకటే: బురదకు చేప చస్తుందా?

చాలాసార్లు చావదు. చిక్కంతా అక్కడే ఉంది. చచ్చిన చేపలు తేలితే ఫొటో వస్తుంది, కేసు వస్తుంది. తేలకపోతే “ఏమీ కాలేదు” అన్న మాట వస్తుంది. ఈ గంటలో చెప్పదలచుకున్నది తేలని చేపల లెక్క గురించి.

సాల్మన్ కూడా పులసలాగే సముద్రం నుంచి నదికి ఎక్కే చేప. అయితే పులస గుడ్లను నీటిలోకి వదిలేస్తుంది, గూడు కట్టదు. ఆడ సాల్మన్ తోకతో కొట్టి గులకరాళ్లను తవ్వి, గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పుతుంది. సాకై రకమైతే ఒక్క చేప 2,000 నుంచి 4,000 గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చలికాలమంతా రాళ్ల కింద ఉంటాయి. రాళ్ల సందుల్లోంచి నీరు పారుతూ ఉంటేనే వాటికి ఆక్సిజన్ అందుతుంది. ఆ సందుల్లో మెత్తటి పొడి దిగితే పారకం ఆగి, గుడ్డు ఊపిరాడక పోతుంది. పొదిగినా పైన గట్టిపడిన పొరను చీల్చుకుని పిల్ల బయటికి రాలేదు. ఇదంతా రాళ్ల కింద జరుగుతుంది కాబట్టి ఒక్కటీ తేలదు.

ఇప్పుడు ఆ పొడి సంగతి. కట్ట తెగింది మౌంట్ పాలీ అనే రాగి, బంగారం గనిలో. అలాంటి చోట ఖనిజంలో రాగి సుమారు 0.3 శాతం, అంటే టన్ను రాయి నూరితే 3 కిలోల రాగి. మిగిలినదంతా పిండిలా మెత్తటి రాతిపొడి. నీటితో కలిపి దాన్ని గొట్టాల ద్వారా ఒక చెరువులోకి పంపుతారు. దీన్ని టెయిలింగ్స్ చెరువు అంటారు. మన కాకతీయుల చెరువుకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. మన చెరువు కట్ట ఒకసారి కట్టి నీళ్లు నింపుతారు. ఇక్కడ గని నడిచినన్నాళ్లూ కట్ట పెరుగుతూనే ఉంటుంది. బురద ఎంత చేరితే కట్ట అంత ఎత్తు లేపాలి. ఏ సంవత్సరం రాళ్లు చాలకపోయినా, డబ్బు చాలకపోయినా, వాలు నిటారుగా మారుతుంది.

2014 ఆగస్టు 4, సోమవారం. ప్రావిన్స్‌కు సెలవు రోజు, చెరువులూ సరస్సులూ గాలాలు వేసేవాళ్లతో నిండే వారాంతం. అర్ధరాత్రి దాటాక మౌంట్ పాలీ చెరువు కట్టకు గండి పడింది. నీరు, బురద, కట్ట మట్టి కలిపి సుమారు 2.5 కోట్ల ఘనపు మీటర్లు బయటపడ్డాయి. మన లెక్కలో దాదాపు 0.9 టీఎంసీ. అది పాలీ సరస్సులోకి, అక్కడి నుంచి హేజల్‌టైన్ వాగులోకి, ఆ వాగును చీల్చుకుంటూ క్వెనెల్ సరస్సులోకి దిగింది. దూకి దాటగలిగేంత వాగు కొన్నిచోట్ల 150 మీటర్ల వెడల్పు గుంటగా మారింది. అడవి చెట్లు వేళ్లతో సహా సరస్సులో తేలాయి. 500 మీటర్లకు పైగా లోతున్న ఆ సరస్సు మట్టం సుమారు 7.7 సెంటీమీటర్లు పెరిగిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ వేసవి దిగువన ఫ్రేజర్ నది మీద ఆధారపడే ఆదివాసీ కుటుంబాల్లో చాలామంది వలలు దించలేదు.

గండి ఎందుకు పడిందో ముగ్గురు నిపుణుల బృందం 2015 జనవరిలో తేల్చింది. కట్ట పునాది కింద మంచుయుగపు సరస్సు అడుగున పేరుకున్న ఒక బంకమట్టి పొర ఉంది. బరువు పెరిగేకొద్దీ ఆ మట్టి బలం తగ్గుతుంది. గండి పడిన చోట ఆ పొర ఉందని డిజైన్ చేసినవాళ్లు పట్టుకోలేకపోయారు. పైగా డిజైన్ ప్రకారం బయటి వాలు 2కు 1 ఉండాలి, అంటే 2 మీటర్లు అడ్డంగా పోతే 1 మీటరు ఎత్తు. కూలిన నాటికి అది 1.3కు 1 ఉంది. చెరువు కట్ట పని చూసిన ఏ మేస్త్రీ అయినా ఈ అంకె వినగానే తల పట్టుకుంటాడు. కట్ట జారి శిఖరం కుంగింది, నీరు పైనుంచి పొర్లింది, పొర్లిన నీరే గండిని కోసింది. కట్టకు ఆనుకుని ఎండిన ఇసుక మేట వెడల్పుగా ఉండి ఉంటే జారినా ఇంత నీరు పోయేది కాదు. నీరు కట్టనే ఒరుసుకుని ఉంది.

చెరువులో నీరు తగ్గించండి, బురదను వడగట్టి తడిమట్టిలా పేర్చండి అని అదే బృందం సిఫారసు చేసింది. పద్ధతి మార్చకపోతే ఈ ప్రావిన్స్‌లో సగటున ప్రతి 10 ఏళ్లకు 2 కట్టలు తెగుతాయని హెచ్చరించింది. వడగట్టే పద్ధతికి ఖర్చు ఎక్కువ, నిజమే. కానీ ఖర్చు లెక్కలో వాగును కలపకుండా “ఎక్కువ” అనడం మా దృష్టిలో సగం లెక్కే.

ఇక సరస్సు. వేసవిలో పైపొర వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. కింద చల్లటి బరువు నీరు. బురద నీరు బరువు కాబట్టి పైపొర కిందికి దూరి పరుచుకుంది. కొన్ని రోజులకే పై నీరు తేటపడి, పడవ మీదివాళ్లకు అంతా బాగున్నట్టే కనిపించింది. శరదృతువు చివర పైపొర చల్లబడి సరస్సు తిరగబడినప్పుడు కింది మెత్తటి పొడి మళ్లీ పైకి లేచి, నీరు ఆకుపచ్చగా మారింది. తర్వాతి సంవత్సరాల్లోనూ అదే కాలంలో కలక తిరిగి లేస్తున్నట్టు పరిశోధకులు కొలిచారు. సరస్సు అడుగుకు చేరిన బురదను తీయలేదు, అక్కడే ఉంది.

క్వెనెల్ సరస్సు పెద్ద రెయిన్‌బో ట్రౌట్ చేపలకు పేరు. ఆ ట్రౌట్ అంతలా ఎదిగేది సాకై పిల్లలనూ, సముద్రానికి వెళ్లకుండా సరస్సులోనే ఉండిపోయే కొకానీ అనే సాకై రకాన్నీ తిని. హార్స్‌ఫ్లై, మిచెల్ నదుల్లో పుట్టిన సాకై పిల్లలు ఈ సరస్సులోనే సుమారు ఏడాది పెరిగి సముద్రానికి వెళ్తాయి. ఆ పిల్లలు తినేది నీటిలో తేలే సూక్ష్మజీవులను. కాబట్టి గాలం చివరనున్న ట్రౌట్ బరువు, కంటికి కనబడని ఆ జీవుల మీద నిలబడి ఉంది. కలక నీటిలో ఇంకో ఇబ్బంది: ట్రౌట్ కళ్లతో వేటాడే చేప. నీరు మసకైతే అది ఎరను చూసే దూరం తగ్గిపోతుంది, తిండి దొరకదు, మీ గాలమూ దానికి కనబడదు.

రాగి గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడాలి. కరిగిన రాగి మామూలు స్థాయి కంటే లీటరుకు 2 నుంచి 20 మైక్రోగ్రాములు పెరిగినా సాల్మన్ పిల్లల వాసన శక్తి నిమిషాల నుంచి గంటల్లో దెబ్బతింటుందని ప్రయోగాల్లో తేలింది. అదెంతో ఊహించుకోవాలంటే, 10,000 లీటర్ల ట్యాంకర్లు పదింటిలో ఒక్క గ్రాము రాగి కరిగిస్తే లీటరుకు 10 మైక్రోగ్రాములు. కెనడాలో తాగునీటికి రాగి పరిమితి లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే 2,000 మైక్రోగ్రాములు. మనిషి నిక్షేపంగా తాగే నీటిలో సాల్మన్‌కు ముక్కు పనిచేయకపోవచ్చన్నమాట. “నీళ్లు తాగొచ్చు” అన్న ప్రకటన మనుషులకు సంబంధించినది, చేపలకు దానితో పనిలేదు.

ముక్కు పోతే ఏమవుతుంది? తోటి పిల్ల చేప చర్మం చిరిగినప్పుడు నీటిలోకి వచ్చే వాసనే మిగతావాటికి ప్రమాద సూచన. అది అందక, పారిపోవాల్సిన పిల్ల అక్కడే ఈదుతుంది, ట్రౌట్ నోట్లో పడుతుంది. పెద్ద సాల్మన్ పుట్టిన వాగును వాసనతోనే గుర్తుపడుతుంది. ఇక్కడా తేలిన చేప లేదు.

మౌంట్ పాలీ రాతిపొడిలో గంధకం తక్కువ, సున్నపురాయి జాతి ఖనిజం ఉంది కాబట్టి ఆమ్లం పెద్దగా పుట్టలేదు. అది అదృష్టమే. అన్నిచోట్లా అలా ఉండదు. వాంకూవర్ దీవిలో సోలమ్ నది ఎగువన మౌంట్ వాషింగ్టన్ మీద ఒక రాగి గని 1964 నుంచి 1967 దాకా, మూడే మూడేళ్లు నడిచింది. కట్ట తెగలేదు, గండి పడలేదు. వదిలేసిన రాళ్లలోని గంధకానికి గాలి, వాన తగిలి గంధకామ్లం తయారై, రాగిని కరిగించి నదిలోకి దింపింది. సాల్మన్ నది దశాబ్దాల పాటు పాడుబడింది. 2009లో ఆ గని నేల మీద తారు పొర పరిచి మట్టి కప్పాక రాగి తగ్గి, చేప తిరిగి వచ్చింది. వాంకూవర్ నుంచి విస్లర్ వెళ్లే దారిలో కనిపించే బ్రిటానియా గని 1974లో మూతపడింది. నీటి శుద్ధి కేంద్రం వచ్చిన కొన్నేళ్లకు, 2011లో, బ్రిటానియా వాగులోకి పింక్ సాల్మన్ మళ్లీ ఎక్కింది. గండి పడితే వార్త అవుతుంది. ఊట మాత్రం ఎవరూ చూడకుండా నదిని తినేస్తుంది.

సాకై ఎక్కువగా నాలుగేళ్లకు తిరిగి వస్తుంది. కాబట్టి 2014 నష్టం లెక్క 2018 నుంచి చూద్దామనుకుంటే ఆ ఏడాది చివర్లోనే ఫ్రేజర్ నదిలో బిగ్ బార్ దగ్గర కొండచరియ పడి దారి మూసుకుంది. 2019 జూన్‌లో గాని బయటపడలేదు. క్వెనెల్ చేప దాన్ని దాటే రావాలి. సముద్రం వేడెక్కడం దానికి తోడు. తగ్గిన చేపల్లో గని వాటా ఇంత అని వేలు పెట్టి చూపడం కష్టం. వేలు పెట్టి చూపలేకపోవడాన్ని “వాటా లేదు” అని చదివేవాళ్లతోనే పేచీ. ఫెడరల్ మత్స్య చట్టం కింద 15 అభియోగాలు నమోదైంది 2024 డిసెంబరులో, గండి పడిన పదేళ్లకు.

గాలం వేసేవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. వాగు అడుగున నారింజ రంగు పూత కనిపిస్తే ఇనుము, తెల్లటి నురగలాంటి మేట ఉంటే అల్యూమినియం, నీలం కలిసిన ఆకుపచ్చ అయితే రాగి అని అనుమానించవచ్చు. వానలు లేని రోజున నీరు ఉన్నట్టుండి బూడిదరంగు తిరిగితే ఫొటో, సమయం, ఫోన్‌లోని అక్షాంశ రేఖాంశాలు రాసుకుని ప్రావిన్స్ స్పిల్ లైన్ 1-800-663-3456కు చెప్పండి. నీరు పట్టాలంటే ప్రవాహానికి ఎదురుగా నిలబడి, మీ కాళ్లు లేపిన బురద తగలకుండా, సీసాను మూడుసార్లు అదే నీటితో కడిగి, నీటి లోపల ముంచి నింపండి. ల్యాబు ఇచ్చిన సీసాలో ముందే ఆమ్లం ఉంటే కడగకూడదు. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు పంపండి. కరిగిన రాగి కావాలంటే 0.45 మైక్రాన్ల వడపోత పట్టాలి, అది ల్యాబుకు ముందే చెప్పాలి. లేదంటే బురదలోని రాగి కూడా కలిసి తప్పు అంకె వస్తుంది.

నదిలో దిగినప్పుడు, పాచి పట్టిన రాళ్ల మధ్య శుభ్రంగా, లేతరంగులో కనిపించే గులకరాళ్ల పాన్పు సాల్మన్ గూడు. దాని మీద నడవకండి. బురద పడ్డ నదిలో గుడ్లు పెట్టే చోట్లు ముందే తక్కువ. నదుల్లో, వాగుల్లో ఎదురుముల్లు లేని ఒంటి గాలమే వాడాలన్నది ఇక్కడి నిబంధన. వదిలేసే చేపను నీటిలోంచి తీయకుండానే విప్పండి. కలక నీటిలో ఉన్న చేప మొప్పలు ముందే ఒరుసుకుపోయి ఉంటాయి.

తినడం గురించి తప్పక అడుగుతారు. రాగి కండలో పెద్దగా చేరదు, కాలేయంలో చేరుతుంది. తలకాయ పులుసు పెట్టుకునేవాళ్లు కాలేయం తీసేయండి. జన వేపుడు ఇష్టమైనవాళ్లు, గని కింది నీటి చేప అయితే ఆరోగ్యశాఖ సలహా చూసి నిర్ణయించుకోండి. పెద్ద లేక్ ట్రౌట్‌లో పాదరసం సంగతి వేరే, దానికి గనే ఉండనక్కర్లేదు. చిన్నవి తినడం మేలు.

ఇక ప్రశ్నలు అడగండి. సీసాలు అటు బల్ల మీద ఉన్నాయి, కావలసినవాళ్లు తీసుకెళ్లవచ్చు.