అడగని వారి హక్కు

సోదర సోదరీమణులారా, అస్సలాము అలైకుమ్.

రమజాన్ చివరి పది రాత్రుల్లోకి అడుగుపెట్టాం. మన లెక్కలో మగ్రిబ్‌తోనే, అంటే సూర్యాస్తమయంతోనే రాత్రి మొదలు కాబట్టి, 20వ రోజా (ఉపవాసం) విరమించిన ఘడియ నుంచే ఈ వెతుకులాట మొదలైంది. 21, 23, 25, 27, 29. ఈ బేసి రాత్రుల్లో ఖుర్ఆన్ అవతరించిన ఘనమైన రాత్రి లైలతుల్ ఖద్ర్‌ను వెతకమన్నారు దైవప్రవక్త (స). చాలామంది 27వ రాత్రి ఒక్కటీ మేలుకొని ఊరుకుంటారు. మిగతా నాలుగూ వదులుకోకండి.

ఆ ఒక్క రాత్రి వెయ్యి నెలల కంటే మేలైనది. అంటే 83 ఏళ్ల 4 నెలలు, ఒక నిండు జీవితం. ఆ రాత్రి నమాజుకు, తిలావత్‌కు (ఖుర్ఆన్ పఠనానికి) గంటలు కేటాయిస్తాం. మరి దానానికో?

ఖుర్ఆన్ 51వ సూరా (అధ్యాయం) అజ్‌జారియాత్‌లో దైవభీతిపరుల గురించి వరుసగా మూడు ఆయతులు (వాక్యాలు) ఉన్నాయి. వారు రాత్రివేళ తక్కువ నిద్రపోయేవారు. వేకువజామున క్షమాపణ వేడుకునేవారు. వారి సంపదలో అడిగేవారికీ, వంచితులకూ హక్కు ఉండేది. నేను ఎప్పుడు చదివినా ఇక్కడే ఆగిపోతాను. మేల్కొన్న రాత్రి పక్కనే పేదవాడి హక్కు! అక్కడున్న మాట దయ కాదు, హక్కు. వంచితులంటే అవసరం ఉండీ నోరు తెరిచి అడగలేనివారని వ్యాఖ్యాతలు చెప్పారు. వారిని మనమే వెతుక్కుంటూ వెళ్లాలి.

దైవప్రవక్త (స) మునిమనవడు ఇమామ్ జైనుల్ ఆబిదీన్ చీకటి పడ్డాక మూటలు వీపున మోసుకెళ్లి మదీనాలో పేదల గుమ్మాల దగ్గర పెట్టేవారట. ఎవరు తెస్తున్నారో తినేవాళ్లకు తెలియదు. ఆయన కన్నుమూశాక ఆ మూటలు ఆగిపోయాయి, అప్పుడు తెలిసింది. గుస్ల్ (అంత్యస్నానం) చేయించేటప్పుడు వీపు మీద మచ్చలు కనిపించాయని చరిత్రకారులు రాశారు. రాత్రి చేసే దానానికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ నాకు దొరకలేదు.

సంపద మీద ఏటా ఇచ్చే జకాత్ రెండున్నర శాతం, పండుగ దానమైన ఫిత్రా ఈద్ నమాజుకు ముందే. ఇవి ఎలాగూ విధులు. మనసారా ఇచ్చే దానం, సదఖాను మాత్రం పది భాగాలు చేసి రోజుకొకటి చొప్పున పది రాత్రులూ ఇవ్వండి. ఖద్ర్ ఏ రాత్రి వచ్చినా మీ చేయి ఖాళీగా ఉండదు.

ఇంకొక్క మాట. ఖద్ర్ రాత్రి ఏమని వేడుకోవాలని ఆయన సతీమణి హజ్రత్ ఆయిషా (రజి) అడిగితే దైవప్రవక్త (స) నేర్పిన దుఆ (ప్రార్థన) మీకు తెలుసు: "అల్లాహ్! నీవు మన్నించేవాడవు, మన్నించడాన్ని ఇష్టపడతావు, నన్ను మన్నించు." దాన్ని ఖుర్ఆన్ రెండో సూరా అల్‌బఖరా 280వ ఆయతుతో కలిపి చదవండి. బాకీదారుడు ఇబ్బందుల్లో ఉంటే కుదుటపడేదాకా గడువివ్వండి, మాఫీ చేస్తే మీకు ఇంకా మేలు అంటుంది ఆ ఆయతు. మీకు బాకీపడి, తీర్చే దారిలేక, ఎదురుపడలేక పక్క వీధిలోంచి వెళ్తున్నవారు ఎవరైనా ఉన్నారేమో గుర్తుచేసుకోండి. రాత్రి ఇషా నమాజు అయ్యాక, ఇక ఇవ్వనక్కర్లేదని వారికి కబురు పంపండి. ఆ తర్వాత చేతులెత్తి ఈ దుఆ చదవండి.