రేడియో నిలబెట్టిన పాట

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లిష్ పాటలకు బాణీలు కట్టిన నోయెల్ గే పేరు మనలో చాలామంది విని ఉండరు. నిజానికి అది ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కూడా కాదు. అసలు పేరు రెజినాల్డ్ ఆర్మిటేజ్. 1898లో ఇంగ్లండ్‌లోని వేక్‌ఫీల్డ్‌లో పుట్టారు. చిన్న వయసులోనే ఆ ఊరి పెద్ద చర్చిలో ఆర్గాన్ వాయించారు. రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లోనూ, కేంబ్రిడ్జిలోనూ చదివారు. అంత శాస్త్రీయంగా నేర్చుకున్న మనిషి మనసు చివరికి సరదా పాటల మీదకు మళ్ళింది. చర్చి పెద్దలు ఏమనుకుంటారో! అందుకే మారుపేరు. లండన్‌లో ఒక బస్సు మీద నోయెల్ కవర్డ్, మైసీ గే నటించే ప్రదర్శన ప్రకటన చూసి, ఇద్దరి పేర్లలోంచీ చెరో ముక్క తీసుకున్నారని చెబుతారు.

1937 డిసెంబరులో లండన్ విక్టోరియా ప్యాలెస్ థియేటర్‌లో 'మీ అండ్ మై గర్ల్' అనే సంగీత నాటకం మొదలైంది. లండన్‌లోని లాంబెత్ పేటలో పెరిగిన ఒక అల్లరి కుర్రాడికి ఉన్నట్టుండి ప్రభువంశపు వారసత్వం దక్కుతుంది. దొరల బంగళాలో అతడు తన పేట నడక నడుస్తూ పాడేదే 'లాంబెత్ వాక్'. భుజాలు ఎగరేస్తూ దర్జాగా అడుగులు వేయాలి, మోకాళ్ళు చరచాలి, బొటనవేలిని భుజం మీదుగా వెనక్కి చూపి 'ఓయ్' అని కేక పెట్టాలి. అంతే.

మొదట్లో నాటకానికి ఆదరణ అంతంతమాత్రం. 1938 జనవరిలో బీబీసీ రేడియో థియేటర్ నుంచి నేరుగా ప్రసారం చేశాక టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. మొత్తం 1,646 ప్రదర్శనలు! మైకు ముందు కూర్చుని ఈ సంగతి చెప్పడం నాకు కాస్త గర్వంగానే ఉంది.

ఆ పాటకు మాటలు రాసింది డగ్లస్ ఫర్బర్, ఆర్థర్ రోజ్. బాణీ మాత్రం గేది. పాడటం రానివాళ్ళ నోట కూడా ఇట్టే పలుకుతుంది. సంగీతం తెలియని భక్తులందరి చేతా చర్చిలో ఒక్క గొంతుగా పాడించిన అనుభవమే ఇక్కడ అక్కరకొచ్చిందని నా నమ్మకం.

1939లో ఆయన 'రన్ రాబిట్ రన్' పాట వచ్చింది. యుద్ధం రోజుల్లో జనం అందులోని కుందేలును తీసేసి, హిట్లర్‌ను పరుగెత్తించారు. 1942లో బ్రిటిష్ ప్రభుత్వ సమాచార శాఖకు చెందిన చార్లెస్ రిడ్లీ ఓ చిన్న సినిమాతో ఇంకో అడుగు ముందుకు వేశారు. నాజీ సైనికుల కవాతు దృశ్యాలను ముక్కలుగా కత్తిరించి, ముందుకూ వెనక్కూ తిప్పుతూ, వాళ్ళందరి చేతా 'లాంబెత్ వాక్' ఆడించారు. హిట్లర్‌ను కూడా వదల్లేదు.

గే 1954లో మరణించారు. 1980లలో రచయిత స్టీఫెన్ ఫ్రై మెరుగులు దిద్దిన 'మీ అండ్ మై గర్ల్' మళ్ళీ లండన్‌లో ఏళ్ళ తరబడి ఆడింది, న్యూయార్క్ నాటకశాలల పేట బ్రాడ్వేకూ వెళ్ళింది.

ఇప్పుడు ఆ పాట వినండి. 'ఓయ్' దగ్గర మీరూ గొంతు కలపవచ్చు.