మృత్యువు కన్నా డబ్బుపెట్టె భయపెట్టే సినిమా

విందు జోరు మీద ఉంది. పక్కన ప్రియురాలు, చుట్టూ చుట్టాలు, పాటలు. అంతలో ఎక్కడి నుంచో ఒక కేక: ‘యే...డర్మన్!’ విందు ఇచ్చిన ఆసామి ఉలిక్కిపడతాడు. మిగతా ఎవరికీ ఏమీ వినపడదు.

నమస్కారం. ఇది 1961 నాటి ఆస్ట్రియా సినిమా ‘యేడర్మన్’. ఆ ఏడాది ఆస్కార్‌కు ఆ దేశం పంపింది దీన్నే. జర్మన్‌లో ఆ మాటకు ‘ప్రతివాడూ’ అని అర్థం, కథలో అది ఒక ధనికుడి పేరు. ఒక పాత ఆంగ్ల నీతినాటకం ఆధారంగా ఆస్ట్రియా రచయిత హోఫ్‌మన్‌స్టాల్ రాసిన ఇదే పేరుగల నాటకం ఈ సినిమాకు మూలం. ఆ నాటకాన్ని రంగస్థల దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ 1911లో బెర్లిన్‌లో, 1920లో ఆస్ట్రియా నగరం సాల్జ్‌బర్గ్‌లోని కెథడ్రల్ (పెద్ద చర్చి) ముంగిట ఆడించారు. నాజీలు వచ్చాక, యూదుడైన ఆయన దేశం విడిచి, 1943లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. సినిమా తీసింది ఆయన కొడుకు గాట్‌ఫ్రీడ్. హాలీవుడ్‌లో పని చేసి, తిరిగి తండ్రి నాటకం దగ్గరికే వచ్చారు. ఈ సంగతి తెలిశాక సినిమాను మామూలుగా చూడలేకపోయాను.

కథ చిన్నది. మృత్యువు వస్తుంది. తోడు వెతుక్కుంటానంటే ఒక గంట గడువిస్తుంది. నరకానికైనా వస్తానన్న స్నేహితుడు జారుకుంటాడు. లావు చుట్టం, సన్న చుట్టం ఇద్దరూ తప్పించుకుంటారు. (ఆంగ్ల మూలంలోనైతే ఒక చుట్టానికి సరిగ్గా అప్పుడే కాలి వేలు పట్టేస్తుంది. ఐదు వందల ఏళ్ల నాటి సాకు, ఇప్పటికీ పనికొస్తుంది.)

ఇక మిగిలింది డబ్బు. పెట్టె తెప్పిస్తాడు. మూత తెరుచుకుంటే అందులోంచి మామన్, అంటే ధనమే, మనిషి రూపంలో లేచి నవ్వుతుంది. నువ్వు నా యజమానివి అనుకున్నావా, నువ్వే నా బంటువి అంటుంది. నాకు మృత్యువును చూస్తే ఇంత వణుకు పుట్టలేదు. మృత్యువు కనీసం మర్యాదగా గడువిచ్చింది, ఈ పెట్టె అదీ ఇవ్వదు. అంతవరకు యేడర్మన్‌గా నటించిన వాల్టర్ రేయర్ ముఖంలో ఉన్న బేరగాడి ధీమా ఇక్కడ ఆరిపోతుంది.

ఆ తర్వాత భాగం నాకు కొంచెం చప్పగా అనిపించింది. నిలబడే ఓపిక కూడా లేని స్త్రీగా సత్కర్మలు వస్తాయి, విశ్వాసం చేయూతనిస్తుంది, మనిషి గట్టెక్కుతాడు. ఇంత తొందరగానా? నాకే కాదు, వచ్చి వట్టి చేతులతో వెళ్లే సైతానుకూ అదే కోపం. అతని రుసరుసలే ఆ భాగానికి ఉప్పూకారం.

ఒక్క లోటు మాత్రం సినిమా పూడ్చలేకపోయింది. సాల్జ్‌బర్గ్‌లో నాటకం ఆడేటప్పుడు ‘యేడర్మన్’ అనే ఆ కేకలు గోపురాల మీద నుంచి, దూరంగా కొండ మీది కోట నుంచి వస్తాయి. ఆరుబయట కూర్చున్నవాళ్లు తల తిప్పి, ఎటు నుంచా అని వెతుక్కుంటారు. ఇక్కడ మన ముందున్న స్పీకరులోంచే వస్తుంది కేక, వెతకడానికి ఏమీ ఉండదు.