రేడియోలో ఒక గిటారు, గదిలో ఒక గిటారు

శ్రోతలకు నమస్కారం.

రేడియో ముల్లు తిప్పుతుంటే స్టేషన్లు ఒక్కొక్కటే తగిలి జారిపోయే చప్పుడు మీకు తెలిసిందే. ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం పాడిన ‘విష్ యూ వర్ హియర్’ ఆ చప్పుడుతోనే మొదలవుతుంది. నువ్వు ఇక్కడుంటే బాగుండేదని అర్థం. 1975 సెప్టెంబరులో అదే పేరున్న ఆల్బంలో వచ్చింది.

ఆ ‘నువ్వు’ సిడ్ బారెట్ అనుకుంటారు చాలామంది. బృందానికి పేరు పెట్టిందీ, తొలినాటి పాటలు ఎక్కువగా రాసిందీ ఆయనే. మనసు చెదిరి, కచేరీల్లో సరిగా వాయించలేని స్థితికి వచ్చి 1968లో బృందానికి దూరమయ్యాడు. ఆయన చోట నిలబడిన డేవిడ్ గిల్మోర్ ఈ పాటను సిడ్‌ను తలచుకోకుండా పాడలేనన్నాడు. మాటలు రాసిన రోజర్ వాటర్స్‌కు మాత్రం ఇది తనను తాను నిలదీసుకునే పాట కూడా. 1975 జూన్ 5న లండన్ ఆబీ రోడ్ స్టూడియోకు సిడ్ చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఒళ్లు చేసి, తలా కనుబొమలూ గొరిగించుకుని ఉన్న ఆ మనిషిని పాత స్నేహితులే కాసేపు పోల్చుకోలేకపోయారు.

అయితే ఈ పాటలోని ఒంటరితనం మాటల కన్నా ముందే మొదలవుతుంది. గిల్మోర్ కారు రేడియో నుంచి పట్టిన మాటల ముక్కలు, రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన కృతి) తునక, ఆ తర్వాత పన్నెండు తీగల గిటారు. అది రేడియోలోంచి వస్తున్నట్టు సన్నగా ఉంటుంది. కాసేపటికి ఇంకో గిటారు మన పక్కనే మోగుతుంది. ఎవరో గదిలో కూర్చుని రేడియోకు జతగా వాయిస్తున్నట్టు. దగ్గూ ఊపిరీ కూడా వినిపిస్తాయి. వాటిని తీసేయకపోవడమే మేలైంది.

రెండు గిటార్ల మధ్య ఈ దూరం ఎవరైనా సృష్టించవచ్చు. మొదటి గిటారులో సుమారు 300 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలని లెక్క) కిందా, 4,000 పైనా ఉన్న ధ్వనిని కోసేయాలి; కొంచెం గరగర కలపాలి. రెండో గిటారును ముట్టుకోకూడదు. రెండింటికీ ఒకే ప్రతిధ్వని పెడితే ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టు వినిపించి పాట చెడుతుంది.

వాయించేవారు పొరపాటు పడేది వేళ్ల దగ్గర. ఉంగరం వేలు రెండో తీగ మూడో మెట్టు మీద, చిటికెన వేలు మొదటి తీగ మూడో మెట్టు మీద. ఇ-మైనర్-సెవెన్ (Em7), జీ (G), ఏ-సెవెన్-సస్-ఫోర్ (A7sus4) అంటూ కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మారుతున్నా ఆ రెండు వేళ్లూ కదలకూడదు. కొత్తవాళ్లు ప్రతి మార్పుకూ చెయ్యంతా ఎత్తేస్తారు, మోత తెగిపోతుంది. ఆ వేళ్ల కింద పలికేవి డీ, జీ స్వరాలు. పాట శ్రుతి జీ కాబట్టి, మన లెక్కలో పంచమం, షడ్జమం. అంటే కింద ఏం మారుతున్నా పైన తంబూరా ఆగదన్నమాట!

చివర్లో పాటను గాలి హోరు మింగేస్తుంది. అప్పట్లో ఆబీ రోడ్ భవనంలోనే వేరే రికార్డింగుకు వచ్చిన ఫ్రెంచి జాజ్ వయొలిన్ కళాకారుడు స్టెఫాన్ గ్రాపెల్లీ దీనికి వయొలిన్ వాయించాడు. దాదాపు వినపడనంత సన్నగా మిగలడంతో పేరు కూడా వేయలేదు. ఆ వయొలిన్ స్పష్టంగా ఉన్న రికార్డింగు 2011లో బయటకొచ్చింది.