రాత్రి నానబోసిన పెసలు

అందరికీ నమస్కారం.

చాలా ఏళ్లు నేను పొద్దున టిఫిన్ తినకుండానే ఆఫీసుకు వచ్చేదాన్ని. ఏడూ నలభై బస్సు పోతుందేమోనన్న టెన్షన్‌లో టీ, రెండు బిస్కెట్లు. పదకొండింటికి కళ్లు తిరుగుతుంటే కింద బండి దగ్గర పునుగులు. ప్రతి సోమవారం మారాలనుకోవడం, గురువారానికి మళ్లీ మామూలే. మీలోనూ చాలామంది పరిస్థితి ఇదేనని నాకు తెలుసు.

హడావిడిలో, ఆకలి మీద ఉన్నప్పుడు ఏం తినాలో ఆలోచిస్తే ఎవరికైనా చేతికందిందే గతి. అందుకే ఆ ఆలోచనను ముందు రోజు రాత్రికి జరిపాను. పడుకోబోయే ముందు రెండు గుప్పిళ్ల పెసలు, కాసిన్ని బియ్యం కడిగి నీళ్లు పోయాలి. రెండు నిమిషాల పని. పొద్దునకి గింజ ఉబ్బి, గోరుతో నొక్కితే చిట్లుతుంది. అల్లం, పచ్చిమిర్చి వేసి మిక్సీలో తిప్పితే పెసరట్టు పిండి సిద్ధం. ఇడ్లీ పిండిలా పులియక్కర్లేదు. ఇంకో మేలుంది: నానిన పెసల్ని పారబోయడానికి మనసొప్పదు, అందుకే వండి తీరతాం.

ఇక మధ్యాహ్నం బాక్సు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2000 కేలరీలు తినేవారికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు ఉండాలని చెప్పింది. మన కంచాల్లో లెక్క దాదాపు తలకిందులు. తూకాలు వేయనక్కర్లేదు, బాక్సులో ముందు కూర సర్దండి, మిగిలిన చోట్లో అన్నం పెట్టండి. ఆదివారం తోటకూర వేళ్లు కోసి, తడి లేకుండా పాత నూలుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు పప్పులోకి వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా ఇంట్లో ఒక్క ఆడమనిషి నెత్తిన పడితే ఏ అలవాటూ నిలవదు. మా ఇంట్లో పెసలు నానబోసేది మా ఆయన, ఆకుకూర బాగుచేసేది మా అబ్బాయి. ఇద్దరూ మర్చిపోయే రోజులుంటాయి. ఆ పూట ఇడ్లీ బండి దగ్గర తింటాం, రాత్రికి మళ్లీ గిన్నె తీస్తాం.

షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం భోజన వేళలు, తినే మోతాదులు మార్చేముందు డాక్టరును అడగండి.

భోజనాలకి టైమైంది. ఇవాళ వరుసలో కూరలు ముందు, అన్నం చివర పెట్టమని వంటవాళ్లకి చెప్పాను. రండి.