దాలి పాలు, రక్తనాళపు లోపొర

శ్రోతలకు నమస్కారం.

చిత్తూరు దగ్గరి మా ఊళ్లో మా అవ్వ ప్రతి ఉదయం పాలకుండను పిడకల దాలి మీద పెట్టేది. మంట ఉండేది కాదు, నివురు కింద సెగ మాత్రమే ఉండేది. సాయంత్రానికి ఆ పాలు ఎర్రబడి, మీగడ గోధుమ రంగుకు తిరిగేది. పాలలోని మాంసకృత్తులకు పాలలోని చక్కెరే అంటుకోవడం వల్ల ఆ రంగు వస్తుందని, అటువంటి చర్యను 1912లో మయార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వివరించాడని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

మన ఒంట్లోనూ అదే జరుగుతుంది. మంట అక్కరలేదు, ఒంటి సెగ చాలు. రక్తంలో గ్లూకోజు ఎంత ఎక్కువగా, ఎంత కాలం నిలిచి ఉంటే అంతగా మాంసకృత్తులకు అంటుకుంటుంది. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులే బతుకుతుంది కనుక ఆ అంటు దానితోనే పోతుంది. రక్తనాళపు గోడలోని కొల్లాజెన్ అనే పోగుల మాంసకృత్తు ఏళ్ల తరబడి ఉంటుంది కనుక, దాని పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి గోడ బిరుసెక్కుతుంది.

ఆ గోడకు లోపలివైపు, ఒకే ఒక్క కణం మందాన, ఎండోథీలియం అనే పొర ఉంటుంది. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి, నాళాన్ని సడలించి, రక్తానికి దారి ఇస్తుంది. చక్కెర అంటి ముదిరిన మాంసకృత్తులు ఈ కణాల మీద సంకేతాలను అందుకునే గ్రాహకాలను తాకినప్పుడు లోపల సూపర్ఆక్సైడ్ అనే, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే ఆక్సిజన్ రూపం పెరుగుతుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను పట్టి, హాని చేసే మరో పదార్థంగా మార్చివేస్తుంది. వైద్యులు ఆక్సీకరణ ఒత్తిడి అనేది ఇలాంటి స్థితినే. నాళం బిగుసుకుంటుంది, తెల్లకణాలు పొరకు అతుక్కోసాగుతాయి. పొగతాగే అలవాటు ఈ భారాన్ని ఇంకా పెంచుతుంది.

తిరుపతిలో ఉండే మా బంధువు ఒకాయన, రక్తపరీక్షకు రెండు రోజుల ముందు నుంచి లడ్డూ ప్రసాదాన్ని సైతం కళ్లకద్దుకుని పక్కన పెడతారు. పరగడుపు పరీక్షను ఆయన కొంత ఏమార్చవచ్చు గాని, హెచ్‌బీఏ1సీ పరీక్షను ఏమార్చలేరు. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్ అనే మాంసకృత్తుకు అంటిన చక్కెరనే కొలుస్తుంది కనుక, అది గడచిన రెండు మూడు నెలల లెక్క చెబుతుంది. 6.5 శాతం, ఆ పైన ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. రక్తహీనత ఉన్నవారిలో ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు కనుక, ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పండి. మా బంధువు కూడా ఇప్పుడు రేడియో వింటూ ఉంటారనే అనుకుంటున్నాను.