శాపం ఉన్న ఆయుధం ఇచ్చే ముందు

నమస్కారం అండి. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, పాత్రలుగా మారి, డైస్ వేస్తూ ఆడే కథల ఆట. అందులో ప్లేయర్ల చేతికి గట్టి మ్యాజిక్ వస్తువు ఇద్దామనుకుంటున్న డీఎంల కోసం, అంటే ఆట నడిపేవాళ్ల కోసం ఈ వీడియో. ఐదో ఎడిషన్, 2014 రూల్స్ ప్రకారం చెబుతున్నాను.

బెర్సర్కర్ యాక్స్ చూద్దాం. పైకి బంగారం లాంటి గొడ్డలి. దాడికీ డ్యామేజ్‌కీ ప్లస్ 1. లెవెల్‌కి ఒకటి చొప్పున హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, పెరుగుతాయి. ఏ ఫైటర్, అంటే ఆయుధం పట్టి పోరాడే పాత్ర, వద్దంటాడు చెప్పండి? వస్తువు గుణాలు చెప్పే ఐడెంటిఫై స్పెల్ వేసినా శాపం బయటపడదు. అట్యూన్ అయ్యాక, అంటే ఆ వస్తువుతో మాయాబంధం కుదిరాక, ఇక దాన్ని వదలబుద్ధి కాదు. శత్రువు దెబ్బ తగిలిన ప్రతిసారీ విజ్‌డమ్ సేవ్, అంటే మనసు నిలుపుకునే డైస్ పరీక్ష; డీసీ 15, అంటే మొత్తం కనీసం 15 రావాలి. తప్పిందా, పూనకమే. ఎవరు దగ్గరుంటే వాళ్ల మీదే వేటు.

మా ఆటలో ఇలాగే జరిగింది. గుహలో ఫైటర్‌కి గాబ్లిన్ బాణం తగిలింది. డైస్ వేస్తే 4. అందరికంటే దగ్గరున్నది క్లెరిక్, అప్పుడే వైద్యం చేద్దామని పక్కకి వచ్చింది. ఒక్క క్షణం టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి వాళ్లు నిలబడే పద్ధతే మారిపోయింది. ఫైటర్‌ని ముందుకు పంపేవాళ్లు, దగ్గర్లో శత్రువే ఉండాలని. చివరి గాబ్లిన్ పడిపోగానే మిగతావాళ్లంతా ఒకటే పరుగు. ఎందుకంటే, తన టర్న్ మొదలయ్యేసరికి 60 అడుగుల్లోపు కనిపించే లేదా వినిపించే ప్రాణి ఏదీ లేకపోతేనే ఆ పూనకం దిగుతుంది. నాకు ఈ శాపం ఇష్టం అందుకే. ఆటని ఆపదు, కొత్త ఆట పుట్టిస్తుంది.

డెక్ ఆఫ్ మెనీ థింగ్స్ అనే మాయ పేకముక్కల కట్ట అలా కాదు. 1975 నుంచి ఉన్న వస్తువు ఇది. ఎన్ని కార్డులు తీస్తారో ముందే చెప్పాలి, తర్వాత మాట మార్చడానికి లేదు. మూన్ కార్డు వస్తే విష్‌లు, అంటే కోరికలు తీర్చే స్పెల్‌లు, దొరుకుతాయి. టాలన్స్ వస్తే ఒంటి మీదున్న మ్యాజిక్ వస్తువులన్నీ పొడి అయిపోతాయి. వాయిడ్ వస్తే ఆత్మ ఎక్కడో బందీ, శరీరం ఇక్కడ పడి ఉంటుంది. ఆ ప్లేయర్ మిగతా సాయంత్రమంతా ఏం చేయాలి? ఆ జవాబు మీ దగ్గర సిద్ధంగా లేకపోతే దయచేసి ఆ పేకముక్కలు బయటికి తీయకండి.

ఇంకో మాట. శాపం దాచండి, కానీ ఒక్క ఆనవాలైనా వదలండి. నేను గొడ్డలి పిడి మీద పంటిగాట్లు ఉన్నాయని చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. దెబ్బ పడ్డాక మాత్రం "అయ్యో, పంటిగాట్లు!" అన్నారే గానీ, మోసం అని ఎవరూ అనలేదు.

చివరికి గొడ్డలి మీద రిమూవ్ కర్స్ అనే శాపవిమోచన స్పెల్ వేశారు. దాంతో అట్యూన్‌మెంట్ తెగుతుంది గానీ శాపం గొడ్డలిలోనే ఉంటుంది. అందుకని దాన్ని ఒక పాడుబడ్డ బావిలో పడేసి వెళ్లిపోయారు. ఆ బావి ఎక్కడుందో నా మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్నాను.